శిస్తు, శిక్ష, చరిత్ర: 1855 నాటి చెన్నపురి విచారణ

రాజ్యాదాయమును గూర్చిన శాస్త్రము వేఱనియు, నేరములను విచారించి శిక్షించు పద్ధతిని గూర్చిన శాస్త్రము వేఱనియు, చరిత్ర యీ రెంటికిని దూరమైనదనియు మన పాఠ్యపుస్తకముల యట్టలను జూచి విద్యార్థులు తలంచుట సహజము. కాని పల్లెలోని రైతునకు ఈ మూడును ఒక్క మనుష్యుని రూపమున ఎదురైన కాలమొకటి మన తెలుగు దేశమున నుండెను. ఆ మనుష్యుడే తహసీలుదారు. శిస్తు వసూలు చేయించువాడు అతడు. దొంగను పట్టించువాడును అతడే. ఆ యేర్పాటు వలన గలిగిన ఫలమెట్టిదో 1855వ సంవత్సరమున చెన్నపట్టణమున వెలువడిన యొక నివేదికయందు కానవచ్చును. దానిని గూర్చి కొంత వివరింప నెంచితిని.

మొదట శిస్తు సంగతి. 1800వ సంవత్సరమున నిజాము ప్రభువు తుంగభద్రకు దక్షిణముననున్న సీమలను ఈస్టిండియా కంపెనీవారికి ఒసగెను. వీనినే దత్తమండలములనిరి. నేటి రాయలసీమలో అధికభాగము ఇందులోనిదే. ఇచ్చటికి ప్రధాన కలెక్టరుగా వచ్చిన తామస్ మన్రో దొర 1807 వఱకు ఊరూర డేరాలు వేసికొని తిరిగి, పొలములను కొలిపించి, నడుమ జమీందారుని ఉంచక రైతుతో నేరుగా శిస్తు నిర్ణయించెను. ఇదియే రయత్వారీ పద్ధతి. మన బాలబాలికలు పరీక్షకై ఇంతవఱకు కంఠస్థము చేయుదురు గాని, ఆ 1807లోనే మన్రో వ్రాసిన సిఫారసును ఎఱుగరు. శిస్తు మిక్కిలి హెచ్చుగా నున్నది, నూటికి 25 వంతులు తగ్గింపవలెనని ఆయన విన్నవించెను. పైవారు అంగీకరింపలేదు. 1820లో ఆయనయే గవర్నరై వచ్చిన పిమ్మట గాని ఆ తగ్గింపు అమలునకు రాలేదు.

శిస్తు హెచ్చుగా నుండుట యన నేమి? ఇచ్చట కొంచెము నిదానముగా ఆలోచింపవలెను. కంపెనీవారి శిస్తు రూపాయలలో నిర్ణయింపబడినది. రైతు పండించునది జొన్నలు, వడ్లు. 1825 మొదలు ఇంచుమించుగా 1850 దాక చెన్నపురి రాజధానిలో ధాన్యపు ధరలు పడిపోయి యుండెను. కనుక కాగితముమీద శిస్తు ఒక్క పైసయైనను పెరుగకున్నను, దానిని చెల్లించుటకు రైతు మునుపటికంటె ఎక్కువ ధాన్యము అమ్ముకొనవలసి వచ్చెను. వానలు తప్పిన యేట మినహాయింపు ఇయ్యవచ్చును గాని, ఎవరి చేను ఎండినదో ఎవరి చేను పండినదో కలెక్టరునకు దెలుపువారు కరణము, తహసీలుదారు మొదలగువారే. వారి మాటకు వెల యుండెడిది. మోయలేని పన్ను విధించిన ప్రభుత్వము, ఆ పన్నును రాబట్టు ఉపాయమును క్రిందివారికి విడిచిపెట్టినదన్నమాట.

ఇక నేరవిచారణ సంగతి. 1802 నాటి శాసనముల చొప్పున పోలీసు అధికారము జిల్లా జడ్జీలది. జడ్జి కచేరి దూరము, వ్యాజ్యము దీర్ఘము, ప్రజల మాట అతనికి తెలియదు. ఈ లోపములను జూచిన మన్రో, పూర్వపు గ్రామకట్టుబాట్లను మరల నిలువబెట్టవలెనని వాదించి, 1816 నాటి శాసనములచే మేజిస్ట్రేటు అధికారమును పోలీసును కలెక్టరు చేతికి మార్పించెను. కలెక్టరు క్రింద తహసీలుదారు, అతని క్రింద గ్రామపు పెద్ద. ఖర్చు తక్కువ, పని శీఘ్రము. మన్రో దయగల ప్రభువనుటలో సందేహము లేదు. 1827లో పత్తికొండలో విషూచిచే మరణించిన యాయన పేరును రాయలసీమవారు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పెట్టుకొనిరి. అయినను మంచివాడు చేసిన యేర్పాటు మంచివాని చేతిలోనే యెల్లప్పుడు ఉండదు. బాకీ వసూలు చేయవలసిన బంట్రోతే పోలీసు బంట్రోతు కూడ నైనప్పుడు, వాడు కొట్టినచో రైతు ఫిర్యాదు ఎవరితో జెప్పుకొనవలెను? వాని పైయధికారితోనే గదా.

ఈ బాధను బయటికి దెచ్చినవారిలో ముఖ్యుడు చెన్నపట్టణపు తెలుగు వర్తకుడు గాజుల లక్ష్మీనరసు శెట్టి. ఆయన 1844లో క్రెసెంటు అను పత్రికను నెలకొల్పెను. 1852లో మద్రాసు స్వదేశీయుల సంఘమును స్థాపించి, శిస్తు వసూలులో జరుగు హింసలను గూర్చి పార్లమెంటునకు విజ్ఞాపన పంపించెను. పార్లమెంటు సభ్యుడు డాన్‌బీ సేమూరు 1853లో ఈ దేశమునకు వచ్చి, శెట్టిగారితో గూడ జిల్లాలలో తిరిగి, స్వయముగా విచారించెను. 1854 జూలైలో పార్లమెంటున చర్చ జరుగగా, ఇట్టివి లేవని కంపెనీ పక్షమువారు కొందఱు వాదించిరి. తుదకు అదే సంవత్సరము ముగ్గురు సభ్యుల విచారణసంఘము నియమింపబడెను. వారు ఎలియట్, స్టోక్సు, న్యాయవాది జాన్ బ్రూస్ నార్టన్.

వారు కనుగొన్న హింసలను పిల్లలు చదువు పత్రికలో విస్తరించుట నా యభిమతము కాదు. రెంటిని మాత్రము చెప్పెదను. ఒకటి, కిట్టి. రెండు కఱ్ఱలను ఒక కొసను బంధించి, నడుమ వ్రేళ్ళనుంచి నొక్కుట. తెలుగు జిల్లాలలో దీనిని చిరత యనిరి. భజనలో చేతబట్టు చిరతల పేరు ఈ పనిముట్టునకు వచ్చుట చూడుడు! రెండవది, మనుష్యుని వంగదీసి, అతని గుడ్డతోనో త్రాటితోనో మెడకును కాలివ్రేళ్ళకును కలిపి బిగించి నిలువబెట్టుట. ఇవి హత్యలు చేసినవారికి మాత్రము కలిగినవి కావు. కొద్దిపాటి శిస్తు బాకీ పడినవారు కూడ వీనిని అనుభవించిరి.

సంఘమునకు అందిన ఫిర్యాదులు 1,959. అందులో 519 ఉత్తరములు. తక్కిన 1,440 మంది స్వయముగా వచ్చి చెప్పుకొన్నవారు. ఈ రెండవ సంఖ్యను విద్యార్థులు కొంతసేపు తలపోయవలెను. దక్షిణదేశమున మొదటి రైలు నడచినది 1856 జూలై 1న. అంతకుముందే ఆరంభమై ముగిసిన ఈ విచారణకు దూరపు జిల్లాలనుండి వచ్చినవారు కాలినడకనో బండిమీదనో వచ్చినవారే. దారిబత్తెము కట్టుకొని, పొలము పని మానుకొని వచ్చిరి. మరల అదే తహసీలుదారు క్రిందికే తిరిగిపోవలెనని యెఱిగియు వచ్చిరి. రాలేనివారెందఱో ఏ లెక్కలోను లేదు. ఫిర్యాదులలో అబద్ధములు ఉండకపోవు. కక్షచే చెప్పినవి యుండవచ్చును. అందుచే 1,959 అనునది హింసల సంఖ్య కాదు, ఫిర్యాదుల సంఖ్య. చరిత్ర చదువువారు ఇట్టి భేదమును పాటింపనిచో అంకెలు వారిని మోసగించును.

1855 ఏప్రిలులో సంఘము తన నిర్ణయమును దెలిపెను. శిస్తు వసూలుకొఱకును, నేరము ఒప్పించుటకొఱకును హింస వాడుకలో నున్నమాట నిజమనియు, కొన్ని యేండ్లుగా అది తగ్గుచున్నదనియు, బాధితునకు న్యాయము దొరకు దారి మిక్కిలి కష్టమనియు వారు వ్రాసిరి. తెల్లదొరలకు దీనితో ప్రమేయమున్నట్లు ప్రజలు తలంచుట లేదనియు, నేరము స్వదేశోద్యోగులదే యనియు వారి భావము. ఈ మాటను 1857లో కారల్ మార్క్సు న్యూయార్కు పత్రికలో ఆక్షేపించెను. ఆ సంగతిలో నాకును సంఘమువారితో పూర్తిగా ఏకీభావము లేదు. ప్రతి సంవత్సరము శిస్తు నిండుగా జమయైనదా యని అడిగిన దొర, అది యెట్లు జమయైనదని అడుగకుండుట కూడ ఒక విధమైన ప్రమేయమే. అయితే కలెక్టరునకు అన్నియు తెలిసెననుటయు సరికాదు. అమెరికా చరిత్రకారుడు ఫ్రైకెన్‌బర్గు 1965లో గుంటూరు జిల్లాను గూర్చి ప్రచురించిన గ్రంథమున, స్థానికోద్యోగుల కుటుంబములు లెక్కలను తమ చేతిలో నుంచుకొని కంపెనీ దొరలను ఎంత చీకటిలో నుంచెనో చూపెను. శిస్తు లెక్కల పుస్తకమును మాత్రము చదివినవానికి ఈ కథ కానరాదు. కోర్టు కాగితములను మాత్రము చదివినవానికి దీని కారణము కానరాదు.

నివేదిక వ్యర్థము కాలేదు. 1859లో 24వ శాసనముచే చెన్నపురి రాజధానికి ప్రత్యేక పోలీసు ఏర్పడెను. తహసీలుదారుల చేతినుండి పోలీసు పని తీసివేయబడెను. దీనికి వేఱు జీతములు, వేఱు పద్దు కావలసివచ్చెను. 1816లో మిగిల్చిన ఖర్చు 1859లో పెట్టవలసి వచ్చినదన్నమాట. 1864 నాటి 2వ శాసనము శిస్తు బాకీలకు నోటీసు, జప్తు, వేలము అను క్రమమును నిర్ణయించెను. అది తరువాతి సవరణలతో ఆంధ్రప్రదేశమున నేటికిని అమలులో నున్నది. కాని కలెక్టరు చేతిలో మేజిస్ట్రేటు అధికారము చిరకాలము నిలిచెను. న్యాయ మేజిస్ట్రేటులను, కార్యనిర్వాహక మేజిస్ట్రేటులను దేశమంతట స్పష్టముగా వేఱుచేసినది 1973 నాటి నేరవిచారణ స్మృతి.

ఒప్పుదల మాట యొకటి మిగిలినది. పోలీసు అధికారి యెదుట ముద్దాయి చేసిన ఒప్పుదలను అతనిపై సాక్ష్యముగా చూపరాదను నియమము 1861 నాటి స్మృతిలో చేరి, 1872 సాక్ష్యశాసనమున 25వ విభాగమై, 2024 జూలై 1న అమలునకు వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమమున 23వ విభాగముగా నున్నది. ఆ మాట ననుసరించి దొంగసొత్తు బయటపడినచో, అంతమట్టునకు మాత్రము మినహాయింపు గలదు. ఈ మినహాయింపు ఉండదగునా యని న్యాయశాస్త్రజ్ఞులు నేటికిని వాదించుచునే యున్నారు.