పవర్ స్టీరింగునకు పట్టిన గాలిని వెడలించుట

డీజిలు ఇంజనునకు గాలి పట్టుట యననేమో మన రైతులకు క్రొత్తగా చెప్ప నక్కరలేదు. ఇంజను నిలిచిపోయినప్పుడు ఫిల్టరు మీది స్క్రూను వదలించి, చేతిపంపు నొత్తి, బుడగలు పోయి డీజిలు తేటగా వచ్చువఱకు కనిపెట్టియుండుట పలువు రెఱిగినదే. అదే గాలి కారు స్టీరింగులో చేరినప్పుడు మాత్రము దాని నానవాలు పట్టక, పంపు చెడినదని తలంచి వేలకు వేలు వెచ్చించువారు కలరు. అట్టి వ్యయమును తప్పింపగోరి యీ విషయము నిచ్చట వివరించుచున్నాము.

పవర్ స్టీరింగనగా మన చేతి బలమునకు ఆయిలు బలము తోడగుట. ఇంజనుతో తిరుగు చిన్న పంపు డబ్బాలోని ఆయిలును పీల్చి, మిక్కిలి ఒత్తిడితో స్టీరింగు పెట్టెకు పంపును. మనము త్రిప్పిన ప్రక్కకు ఆయిలు పిస్టనును త్రోసి, వేఱొక పైపుగుండ డబ్బాకు మరలును. అమెరికాలో ఫ్రాన్సిస్ డేవిస్ అను ఇంజనీరు 1926 లో దీనిని పియర్స్ ఆరో కారున కమర్చి చూపెను. అమ్మకపు కారులలో మొదట 1951 లో క్రైస్లరు కంపెనీవారు దీనిని ప్రవేశపెట్టిరి. ఆయిలు ఒత్తిడికి అణగదు; గాలి అణగును. ఆయిలులో గాలి కలిసినచో త్రోపులో కొంత బుడగలను నొక్కుటకే వ్యయమగును. అప్పుడు స్టీరింగు ఒకపరి తేలికగను ఒకపరి బరువుగను కుదుపులతో తిరుగును. త్రిప్పినప్పుడెల్ల పంపు మూల్గును. డబ్బాలో ఆయిలు మజ్జిగవలె నురుగు గట్టి తెల్లబాఱును.

కారులో ఆయిలు బలము తప్పినను స్టీరింగునకును చక్రములకును నడుమ ఇనుప సంబంధము కలదు గావున కష్టపడి యైనను త్రిప్పవచ్చును. నేటి ట్రాక్టరులలో ననేకములకు అట్టి సంబంధమే లేదు. నడుమ నున్నది ఆయిలు మాత్రమే. ట్రాలీ నిండ పసుపు బస్తాలతో బాల్కొండనుండి ఆర్మూరు మీదుగా నిజామాబాదు మార్కెట్టునకు పోవువాడు, జాతీయ రహదారిపై లారీల నడుమ స్టీరింగు త్రిప్పినను చక్రము వెంటనే తిరుగనిచో ఏమగునో ఊహించుకొనవలెను.

పైపు మార్చినను, పంపు విప్పినను, ఆయిలు కాఱి తగ్గినను గాలి చేరును. దీనిని తీయుటకు చాల కారులలో వేఱుగ స్క్రూ ఉండదు. డబ్బాగుండనే గాలి పైకి రావలెను. బండిని గట్టినేలపై నిలిపి, వెనుక చక్రములకు రాళ్లడ్డమిడి, ముందు చక్రములు నేల విడుచునట్లెత్తి, ఇనుప స్టాండులపై నిలుపవలెను. జాకీ నొక్కదానినే నమ్మి బండి క్రింద దూరరాదు. ఇంజను నడుపక, తాళపుచెవితో స్టీరింగు లాకును మాత్రము విడిపించి, డబ్బాలో గుర్తువఱకు ఆయిలు పోయవలెను. పిమ్మట స్టీరింగును ఈ కొసనుండి ఆ కొసకు మెల్లగా 15, 20 మార్లు త్రిప్పవలెను. ఒకరు త్రిప్పుచుండ మఱియొకరు డబ్బాను చూచుచుండుట మేలు. గాలి వెడలినకొలది ఆయిలు దిగును. అడుగువఱకు దిగనిచ్చిన యెడల మఱల గాలి దూఱి పడిన శ్రమ యంతయు వ్యర్థమగును.

పలువురు తొందరపడి మొదటనే ఇంజనును నడుపుదురు. ఇది కూడదు. పంపు కవ్వమువలె గాలిని ఆయిలులో చిలికి సన్నని నురుగు చేయును. అది తేఱుటకు చాలసేపు పట్టును. బుడగలు నిలిచిన పిదపనే ఇంజనును నిదానముగ నడుపుచు మఱల కొన్నిమార్లు త్రిప్పవలెను. ఏ కొసనైనను అయిదు సెకండ్లకు మించి బిగబట్టరాదు. అచ్చట ఒత్తిడి హెచ్చి ఆయిలు కాగిపోవును. నురుగు లేచినచో ఇంజను నాపి, అరగంట సేపు తేఱనిచ్చి, మొదటినుండి చేయవలెను.

ఆయిలు బండితో వచ్చిన పుస్తకమున చెప్పినదే వాడవలెను. బ్రేకు ఆయిలు పోసినచో రబ్బరు సీళ్లు చెడును. ఇటీవలి కారులలో పెక్కింటికి కరెంటు మోటారుతో నడచు స్టీరింగు గలదు. వానికి ఈ ఆయిలే లేదు గావున ఈ పని వానికి వర్తింపదు.

ఇంత చేసినను గాలి మరల మరల వచ్చుచున్నచో, పంపును నిందింపకముందు డబ్బానుండి పంపునకు పోవు పీల్పు పైపును చూడవలెను. కాలువలో దింపిన మోటారు పైపునకు సందు పడినచో నీరు బయట కాఱకయే మోటారు నీరెత్తుట మానును గదా! ఇదియు నట్టిదే. ఆయిలు బొట్టైనను కాఱకుండ గాలి లోనికి పోవుచుండును. ఇంజను నడుచుచుండగా బెల్టునకు చేయి దూరముగ నుంచుకొని, ఆ పైపు అతుకులపై కొంచెము ఆయిలు పూసినప్పుడు మూల్గు తగ్గినచో సందు అచ్చటనే యున్నదని తెలిసికొనవచ్చును. గట్టిపడిన రబ్బరు పైపును, వదులైన క్లిప్పును మార్చుటకగు ఖర్చు క్రొత్త పంపు వెలతో పోల్చిన స్వల్పము. అయినను గాలితోనే నెలల తరబడి నడపినచో మంచి పంపు సైతము అరిగి నిజముగనే చెడును.

పని ముగిసిన మఱునాటి యుదయమున, ఇంజను చల్లగ నున్నప్పుడే ఆయిలు మట్టమును మఱల చూచి, తగ్గియున్నచో నింపి, అతుకుల క్రింద చెమ్మ గలదేమో వ్రేలితో తడవి చూడవలెను.