పాత గిటార్‌.. పలుకే బంగారం!

బెంగళూరు: పాత బియ్యం, పాత ఊరగాయ.. నిల్వ ఉన్నకొద్దీ రుచి. మరి బేస్ గిటార్ సంగతి? ఐరన్ మెయిడెన్ బృందం 2007 మార్చి 17న ప్యాలెస్ గ్రౌండ్స్‌ను ఊపేసిన నగరమిది. ఉద్యోగాల కోసం వచ్చి, శని ఆదివారాల్లో బ్యాండు కట్టే తెలుగు కుర్రాళ్లూ ఇక్కడున్నారు. సెకండ్ హ్యాండ్ గిటార్ బేరానికి వెళితే, పాతది కనుకే పలుకు బాగుంటుందనే మాట తప్పదు. ఆ మాటతోనే ధరా పెరుగుతుంది. నెల జీతం ధారపోసే ముందు అందులో నిజమెంతో తెలుసుకోవాలి కదా!

వీణ వేరు.. ఇది వేరు

బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణ చేస్తారు. తీగ నాదాన్ని మనకు వినిపించేది ఆ చెక్కే. ఎలక్ట్రిక్ బేస్‌లో అలా కాదు. తీగ కింద అయస్కాంతం, రాగి తీగ చుట్టలతో పికప్ ఉంటుంది. తీగ కదలికను అది కరెంటుగా మార్చి ఆంప్లిఫయర్‌కు పంపుతుంది. అందుకే చెక్క వయసు ప్రభావం ఇక్కడ తక్కువ.

మారేది తీగే!

వాయించేకొద్దీ తీగ చుట్ల సందుల్లో చెమట, దుమ్ము చేరతాయి. కీచుదనం పోయి, గుండ్రని 'ధుమ్' మిగులుతుంది. దీన్నే చాలామంది 'పాత గిటార్ మహిమ' అనుకుంటారు. 1960ల్లో అమెరికాలోని మోటౌన్ పాటలకు బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ తీగలు తెగితే తప్ప మార్చేవారు కాదని ప్రతీతి. ఆయన వాయించింది 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్.

కళ్లు కట్టి చూస్తే..

2010లో అమెరికాలోని ఇండియానాపొలిస్‌లో 21 మంది వయొలిన్ కళాకారులకు కళ్లు కనబడకుండా చేసి, మూడు పాత, మూడు కొత్త వయొలిన్లు ఇచ్చారు. పాతవాటిలో రెండు స్ట్రాడివేరియస్‌లు! ఎక్కువమంది మెచ్చింది కొత్తదాన్నే. చెక్కే ప్రాణమైన వయొలిన్‌లోనే వయసు తేలకపోతే, బేస్ మాటేమిటి?

అలాగని పాతవన్నీ దండగ కాదు. ఏళ్ల తరబడి ఆడిన మెడ చేతికి అలవాటవుతుంది. వేళ్లకు బెదురు పోతుంది. ఆ నమ్మకమే పాటలో వినిపిస్తుంది.

కొనేముందు..

* మెడ వంగిందేమో పక్కనుంచి చూడాలి. కొద్దిపాటి వంపును లోపలి కడ్డీ తిప్పి సరిచేయొచ్చు. మెలి తిరిగితే మాత్రం వదిలేయడమే మేలు.
* ప్రతి మెట్టు దగ్గరా మీటి చూడాలి. మెట్లు అరిగితే తీగ గరగరలాడుతుంది.
* నాబ్ తిప్పితే బరబరమంటే భయం లేదు. శుభ్రం చేస్తే చాలు, లేదా ఎస్పీ రోడ్డులో పార్టు కొని వేయించుకోవచ్చు.

ఇంట్లో అటక మీద పాత గిటార్ ఉంటే అమ్మే తొందర వద్దు. ముందు దించండి.. దుమ్ము దులిపి, రోజూ ఓ అరగంట వాయించండి. పలుకు దానంతటదే దారికొస్తుంది. ఎందుకంటే, ముదరాల్సింది చెక్క కాదు.. చెయ్యి!