మీసాల చేపలకు మెత్తని పరుపు

గాజుతొట్టిలో చేపలను పెంచే ముచ్చట మన బట్లహళ్ళి వంటి ఊళ్ళకూ వచ్చింది. మేము చూచిన తొట్లలో చాలావాటికి అడుగున రంగురాళ్ళే. కంటికి ఇంపే గాని, అడుగున తిరిగే మీసాల చేపలకు అవి ముండ్లబాట.

మన చెరువుల్లోని జెల్లను ఎరిగినవారికి ఈ సంగతి సులువుగా బోధపడుతుంది. దాని మీసాలకు రుచి తెలుసు. వాటితో తడిమే మేత వెతుక్కుంటుంది. 1803లో లాసెపేద్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పేరుపెట్టిన దక్షిణ అమెరికా కోరిడోరాస్ చేపలదీ అదే తీరు. ఇసుకను నోట పుచ్చుకొని, మేత మింగి, ఇసుకను మొప్పలగుండా వదలుతాయి. పదునురాళ్ళ మీద మీసాలు గీసుకొని పుండ్లుపడితే, మేత దొరకక చేప చిక్కిపోతుంది.

కనుక జల్లి, గాజుపెంకులు వద్దు. రాయి పగులగొట్టి చేసిన ఎం-శాండ్ కూడా గరుకే. ఏళ్ళతరబడి నీళ్ళలో దొరలిన సన్నని ఏటి ఇసుక మేలు. గుప్పెడు తీసి అరచేతుల మధ్య రుద్దండి, గీరుకుంటే మానండి. నిమ్మరసం పిండితే బుసబుస పొంగిందా, అందులో సున్నం ఉన్నట్లే. నీటి కాఠిన్యం పెంచుతుంది. మన బోరునీళ్ళకు ఆ సాయం అక్కరలేదు గదా!

బియ్యం కడిగినట్లు, తేటనీరు వచ్చేదాకా కడిగి అంగుళం, అంగుళంన్నర మందాన పరచండి. మిగిలిన మేత కుళ్ళనీయకండి. మురికి చేరితే మెత్తని ఇసుకలోనూ మీసాలు చెడతాయి.

నోరులేని జీవి, నేల గుచ్చుకొంటున్నదని చెప్పుకోలేదు. తొట్టి పెట్టినవారే తెలుసుకోవాలి.