ఆశీలు చీటీ చెప్పే కథ

నూజివీడు చుట్టుపక్కల ఎండాకాలం వస్తే మామిడి కోతలు మొదలవుతాయి. రసాలు, బంగినపల్లి కాయలు గంపకెత్తుకుని మనలో కొందరం సంతకు పోతాం. గంప దించగానే ఆశీలు మనిషి వస్తాడు. డబ్బు తీసుకుని చీటీ ఇస్తాడు. ఆ చీటీని మనం చదవం. నలిపి పారేస్తాం.

అక్కలారా! అమ్మేవాళ్ల మీద పన్ను ఈనాటిది కాదు. పూర్వం దాన్ని సుంకం అనేవారు.

బాపట్ల జిల్లాలో సముద్రం ఒడ్డున మోటుపల్లి అనే ఊరుంది. ఒకప్పుడు అది పెద్ద రేవు. దూరదేశాల ఓడలు అక్కడికి వచ్చేవి. గాలివానకు ఓడ దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొస్తే, అందులోని సరుకంతా రాజులు లాక్కునేవారు. అలా చేస్తే వర్తకులు మళ్లీ వస్తారా?

కాకతీయ రాజు గణపతిదేవుడు 1244లో ఒక శాసనం వేయించాడు. ఇకమీద సరుకు లాక్కోము, సుంకం మాత్రమే తీసుకుంటాము అని మాట ఇచ్చాడు. సుంకం 30కి 1 వంతు. అంటే 30 రూపాయల సరుకుకు 1 రూపాయి అన్నమాట. ఏ సరుకుకు ఎంతో కూడా రాయించాడు. ఆ శాసనం మోటుపల్లి గుడిలో రాతి స్తంభం మీద ఉంది. రాతి మీది రేటును ఎవరూ తుడిచేయలేరు కదా!

ఆ రాయి వల్ల మనకు ఇంకో మేలు జరిగింది. ఆ రేవులో చందనం, కర్పూరం, ముత్యాలు, ఏనుగు దంతం, మిరియాలు అమ్మేవారని తెలిసింది. పన్ను కోసం రాసిన రాత చరిత్ర అయింది.

తర్వాత ఇంగ్లీషు కుంపిణీ పాలన వచ్చింది. అప్పుడు మొహతర్ఫా అనే పన్ను ఉండేది. కొట్టు ఉన్నవాళ్లే కాదు, దారి పక్కన అమ్ముకునేవాళ్లూ కట్టాలి. నేతగాళ్లు, వడ్రంగులు కూడా కట్టాలి. 1852లో గాజుల లక్ష్మీనరసు శెట్టి మద్రాసులో ఒక సంఘం పెట్టాడు. ఆ సంఘం ఇంగ్లండు పార్లమెంటుకు అర్జీ పంపింది. కొన్ని పనిముట్ల ఖరీదు కంటే వాటి మీద పన్ను ఆరు రెట్లు ఎక్కువగా ఉందని అందులో రాశారు. 1860లో ఆదాయపు పన్ను వచ్చింది. ఆ తర్వాత మొహతర్ఫా పోయింది. బీదల కష్టం కాగితం మీదికి ఎక్కింది కాబట్టే ఈనాడు మనకు తెలిసింది.

ఇప్పుడు మన సంగతి చూద్దాం. పల్లెలో పంచాయతీ, పట్నంలో మున్సిపాలిటీ ఆశీలు వసూలు హక్కును వేలం వేస్తాయి. పాడుకున్నవాడు వసూలు చేస్తాడు. కానీ రేటు అతని ఇష్టం కాదు. గంపకు ఎంత, బండికి ఎంత అని పంచాయతీలో అడగండి. చీటీ మీద అంకె చూడండి. ఇచ్చిన డబ్బుకూ ఆ అంకెకూ తేడా ఉంటే అక్కడే అడగండి. చీటీ ఇవ్వకపోతే ఇమ్మనండి.

2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. పట్నాల్లో గంపతో, బండితో అమ్ముకునేవాళ్ల పేర్లు రాసుకుని, వారికి పత్రం ఇవ్వాలని ఆ చట్టం చెబుతోంది. ఆ జాబితాలో మీ పేరు ఉందా? చదివి చూసుకోండి.

మోటుపల్లిలో రాజు రాయించాడు. మన చీటీని మనమే చదువుకోవాలి, దాచుకోవాలి.

ఆలోచించండి
1. సుంకం రేటును రాతి మీద ఎందుకు రాయించారు?
2. మీ సంతలో గంపకు ఆశీలు ఎంత? ఆ రేటు ఎక్కడైనా రాసి ఉందా?