ఉప్పు చేప వెనుక కథ

మంగళగిరి బజారులో ఎండు చేపల గంప దించితే చాలు. ముందు వాసన వస్తుంది. ఆ తర్వాత బేరం మొదలవుతుంది. నెత్తళ్లు, ఎండు రొయ్యలు, ఉప్పు చేప ముక్కలు. పప్పుచారు పక్కన ఒక ముక్క ఉంటే చాలు, కూలి ఇంట్లో ఆ పూట అన్నం గడిచిపోతుంది.

మంగళగిరికి సముద్రం లేదు. మరి చేప ఇంత దూరం చెడకుండా ఎలా వచ్చింది? దాన్ని కాపాడినవి రెండు. ఒకటి ఎండ. రెండోది ఉప్పు.

మిరప కళ్లం చూసినవారికి ఈ సంగతి తెలుసు. కాయలో తడి ఉంటే బూజు పడుతుంది. చేపా అంతే. తడి ఉన్న చోట కంటికి కనపడని క్రిములు పెరుగుతాయి. చేప కుళ్లుతుంది. ఉప్పు చేపలోని నీటిని బయటికి లాగుతుంది. మిగిలిన తడిని ఎండ ఆర్చేస్తుంది. నెత్తళ్ల వంటి చిన్న చేపలు ఉత్త ఎండకే ఎండుతాయి. పెద్ద చేపకు పొట్ట చీల్చాలి. పేగులు తీసి, కడిగి, ఉప్పు పట్టించాలి.

ఈ పనిలో ఆడవాళ్ల చెయ్యి పెద్దది. మగవాళ్లు వేటకు పోతారు. చేప ఒడ్డుకు వచ్చాక కొయ్యడం, ఎండబెట్టడం, గంప ఎత్తి ఊరూరా అమ్మడం ఎక్కువగా ఆడవాళ్ల పనే.

మరి ఉప్పుకు కరువా? చినగంజాం దగ్గర ఉప్పు కొటార్లు ఉన్నాయి. ఉప్పునీటిని మడుల్లోకి పెడతారు. ఎండకు నీరు ఆవిరైపోతుంది. ఉప్పు మిగులుతుంది. సముద్రం ఇచ్చేది, ఎండ చేసేది. అయినా ఒకప్పుడు బీదవాళ్లకు అది అందలేదు.

ఆనాడు ఈ ప్రాంతం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. 1805లో ఇంగ్లీషు కంపెనీ సర్కారు ఉప్పును తన గుప్పిట్లో పెట్టుకుంది. తర్వాత ఉప్పు మీద పన్ను పెరిగింది. తయారు చేసే ఖర్చు కన్నా పన్నే ఎన్నో రెట్లు ఎక్కువ. సముద్రం పక్కనే కాపురం. కానీ ఉప్పుమట్టి గీకి తెచ్చుకుంటే నేరం! ఉప్పు చాలక చేపలు చెడిపోయేవి.

ఫ్రాన్సిస్ డే అనే అధికారి తీరాలన్నీ తిరిగి చూశాడు. ఉప్పు పన్ను జాలర్లను దెబ్బ తీస్తోందని 1873లో నివేదిక రాశాడు. ఆ తర్వాత సర్కారు తీరాల్లో చేపల యార్డులు పెట్టింది. మిర్చి యార్డు పేరు విన్నారు కదా! ఇది చేపలకు యార్డు. చుట్టూ కంచె. లోపల పన్ను లేని ఉప్పు ఇచ్చేవారు. చేపను అక్కడికే తెచ్చి ఉప్పు పట్టించాలి. గుప్పెడు ఉప్పు కూడా బయటికి తీసుకుపోకూడదు. చేపకు పన్ను లేని ఉప్పు దొరికింది. ఆమె ఇంటి కూరకు మాత్రం దొరకలేదు.

1930 ఏప్రిల్ 6న గాంధీజీ దండిలో ఉప్పు చట్టాన్ని ధిక్కరించారు. ఇక్కడ ఒంగోలు దగ్గర దేవరంపాడులో టంగుటూరి ప్రకాశం పంతులు శిబిరం పెట్టారు. 1931లో గాంధీ - ఇర్విన్ ఒప్పందం జరిగింది. ఉప్పు దొరికే ఊళ్లవారు తమ వాడకానికి తెచ్చుకోవచ్చని ఒప్పుకున్నారు. 1947లో ఉప్పు పన్ను పూర్తిగా పోయింది.

ఇటలీ దేశంలో ఫవిన్యానా అనే చిన్న దీవి ఉంది. అక్కడ ట్యూనా అనే పెద్ద చేపను వలల గదుల్లోకి మళ్లించి పట్టేవారు. మన తీరంలో ఆ జాతి చేపను సూర అంటారు. 1874లో ఫ్లోరియో కుటుంబం ఆ దీవిని కొన్నది. చేపను ఉడికించి, నూనెలో వేసి డబ్బాలకెత్తే ఫ్యాక్టరీ అక్కడ నడిచింది. తర్వాత ఆ ఫ్యాక్టరీ మూతపడింది. అయినా దాన్ని కూల్చలేదు. మ్యూజియం చేశారు. పనివాళ్ల కష్టం ఈనాటి పిల్లలు చూస్తున్నారు.

మన తీరంలో ఉప్పు కొటారు ఉంది. ఎండు చేప ఉంది. గంప మోసిన అమ్మమ్మలు ఉన్నారు. వాళ్ల పని ఎక్కువగా నోటిమాటగానే ఉండిపోయింది. మీకు ఇప్పుడు అక్షరం వచ్చింది. ఈసారి గంప దించిన అవ్వను ధర ఒక్కటే అడగకండి. ఏ ఊరు, ఏ చేప, ఎంత ఉప్పు, ఎన్నాళ్ల ఎండ అని అడగండి. ఆమె చెప్పింది నోటు పుస్తకంలో రాసి పెట్టండి.

చదివారు కదా! చెప్పండి:
1. ఉప్పు చేపను ఎలా కాపాడుతుంది?
2. యార్డు నుంచి ఉప్పు బయటికి ఎందుకు పోనివ్వలేదు?
3. మీ ఊళ్లో రాసి దాచవలసిన పాత పని ఏది?