వానకు నిలిచిన మాచు పిచ్చు

దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున, ఆండీస్ పర్వతములపై, సముద్రమట్టమునకు సుమారు 2,430 మీటర్ల ఎత్తున ఒక శిథిలనగరము కలదు. దాని పేరు మాచు పిచ్చు. క్వెచువా భాషలో ఈ మాటకు 'పాత శిఖరము' అని అర్థము. క్రీ.శ. 15వ శతాబ్దమున ఇన్కా చక్రవర్తి పచకూతి దీనిని కట్టించెనని పండితుల అభిప్రాయము. 16వ శతాబ్దములో ఇది పాడుపడెను. 1911లో హైరం బింగ్‌హాం అను అమెరికా ఆచార్యుడు ఇచ్చటికి చేరునాటికి కొందరు రైతులు ఆ పాత మెట్లపొలములలోనే సేద్యము చేసికొనుచుండిరి. కనుక ఆయన దీనిని కనుగొనెననుటకంటె లోకమునకు తెలిపెననుట సబబు.

ఇచ్చట ఏటా దాదాపు 2,000 మిల్లీమీటర్ల వర్షము కురియును. కొండవాలు నిటారుగా ఉన్నది. అడుగుననున్న గ్రానైటు శిల పగుళ్ళతో నిండియున్నది. అయినను ఈ నగరము ఐదువందల యేండ్లుగా జారిపోక ఎట్లు నిలిచినది?

ఆ రహస్యము నేల అడుగున ఉన్నది. కెన్నెత్ రైట్ అను అమెరికా ఇంజనీరు, ఆయన సహచరులు 1990ల నుండి ఈ కట్టడములను పరిశీలించిరి. మెట్లపొలములలో అడుగున రాతిముక్కలు, వానిపై గులకరాళ్ళు, ఆపైన ఇసుక కలిసిన మన్ను, అన్నిటికంటె పైన సారవంతమైన మట్టి పరచియుండెను. వాననీరు మట్టిని కోసికొనిపోక మెల్లగా లోనికి ఇంకి, గులకరాళ్ళగుండా వెలుపలికి పోవును. నీరు నిలువదు గనుక గోడను వెనుకనుండి నెట్టదు. నగరములోని గోడలలో సుమారు 130 నీటితూములు కలవు. ఇన్కాల నిర్మాణశ్రమలో 60 శాతము భూమిలోపలనే ఉన్నదని రైట్ అంచనా.

విద్యార్థులు దీనిని సులభముగా పరీక్షింపవచ్చును. అడుగున రంధ్రమున్న రెండు పూలకుండీలలో ముందు గులకరాళ్ళు, పిదప ఇసుక, పైన మట్టి వేయవలెను. ఒకదానిలో మట్టిని వదులుగా ఉంచి, రెండవదానిలో బాగుగా అదుమవలెను. రెండింటిలోను సమానముగా నీరు పోసినచో, మొదటిదానిలో నీరు త్వరగా ఇంకును. రెండవదానిలో పైననే నిలిచి, తుదకు అంచు దాటి పొర్లును. మట్టిరేణువుల నడుమ ఖాళీలు మూసికొనిపోవుటయే ఇందుకు కారణము.

ఇప్పుడు ఆ అదుము పని మనుష్యుల పాదములు చేయుచున్నవి. 1983లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. 2019లో 15 లక్షలకు పైగా యాత్రికులు వచ్చిరి. 2011లో రోజునకు 2,500 మంది అని విధించిన పరిమితి 2024 నాటికి 4,500కు, కొన్ని ప్రత్యేక దినములలో 5,600కు పెరిగినది. నడకచే మట్టి గట్టిపడును. ఇంకవలసిన నీరు పైననే పారి నేలను కోయును. రాతిమెట్లు సయితము అరుగును. అరుగుదల కారణముగా 2023 సెప్టెంబరులో సూర్యాలయము, కాండోర్ ఆలయము, ఇంతివతాన శిల అను మూడు భాగములకు ప్రవేశము నిలిపివేసిరి. 2000లో ఒక ప్రకటన చిత్రీకరించుచుండగా యంత్రము తగిలి ఆ ఇంతివతాన శిల అంచు విరిగినది. విరిగిన శిల తిరిగి మొలవదు.

అట్లని యాత్రికులను పూర్తిగా ఆపుట సులభము కాదు. కొండదిగువనున్న ఊరిలోని పూటకూళ్ళవారు, దారిచూపువారు, మూటలు మోయువారు వారిపైననే బ్రదుకుచున్నారు. 2020లో మహమ్మారివలన స్థలము నెలల తరబడి మూతపడగా వారి ఆదాయము పోయినది.

అందుచేత మధ్యేమార్గములు అవలంబింపబడినవి. టిక్కెట్టుపై ప్రవేశవేళ ఉండును. నిర్ణీతమైన దారులలోనే నడువవలెను. పురాతనమైన ఇన్కా కాలిబాటపై రోజునకు 500 మందినే, అదియు కూలీలతో కలిపి, అనుమతింతురు. వర్షములు ముమ్మరముగా ఉండు ఫిబ్రవరిలో ఆ బాటను మరమ్మతులకై మూసివేయుదురు.

ఎందరు రావచ్చునను ప్రశ్నకు టిక్కెట్ల లెక్క ఒక్కటే సమాధానము కాజాలదు. ఆ మట్టి ఇంకను ఎంత నీటిని ఇముడ్చుకొనగలదో కొలిచి తెలిసికొనవలెను. ఇన్కా శిల్పులు కొండ ఎత్తి నిర్మించుటకు ముందు వాననీటికి దారి విడిచిరి. నేటివారు ఆ దారిని మూయకుండుటయే వారు చేయదగిన మొదటి పని.