పెట్టె అడుగున ఉన్న నెగెటివులు, కొనవలసిన స్కానరు



మన ఊళ్లలో ఇంటికొక ట్రంకుపెట్టె గాని, బీరువా గాని ఉంటుంది. దాని అడుగున, పట్టుచీర క్రింద, పొలము పాసుపుస్తకము ప్రక్కన ఒక పాత కవరు. అందులో కొన్ని ఫోటోలు, వాటి వెనుక కొన్ని నల్లని లేక గోధుమరంగు పట్టీలు. ఫోటోలను ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చూపిస్తాము. పట్టీల వైపు ఎవరూ చూడరు. సూర్యగ్రహణమునాడు మాత్రము పిల్లలు వాటిని తీసి కంటికి అడ్డము పెట్టుకుంటారు. (అది కంటికి చాలా ప్రమాదము. తల్లిదండ్రులు చేయనీయకూడదు.)

నిజానికి అసలు వస్తువు ఆ పట్టీయే. గోడమీద ఉన్న ఫోటో దాని నకలు. ఫోటో చిరిగినా, చెదపట్టినా, నెగెటివు బాగుంటే మళ్లీ కొత్త ఫోటో వస్తుంది. నెగెటివు పోతే ఇక ఆ ముఖము లేదు.

పెనుగంచిప్రోలు ప్రాంతములో ఈ మాట ఎంత నిజమో మున్నేరు నేర్పింది. 2023 జులైలో ఐతవరము దగ్గర హైవే మీదికే నీళ్లు వచ్చాయి. 2024 ఆగస్టు ఆఖరున, సెప్టెంబరు మొదట్లో వచ్చిన వరద ఇళ్లలోకే చొరబడింది. నీరు తీసిన తరువాత మేము ఇల్లిల్లూ తిరిగినప్పుడు బియ్యము, బట్టలు, పిల్లల పుస్తకాలు, వాటితోపాటు ఆల్బములు గోడలమీద ఎండలో ఆరవేసి ఉన్నాయి. ఆరినకొద్దీ ఫోటోలు ఒకదానికొకటి అట్టకట్టుకుపోయాయి. ఒక సహోదరి తన భర్త ఫోటో తెచ్చి చూపించింది. ఆయన చనిపోయి ఇరవై ఏండ్లు దాటింది. అద్దానికి ఫోటో అంటుకుని, విడదీయబోతే ముఖము అద్దముతోనే వచ్చేసింది. “అయ్యగారూ, ఆయనది ఇదొక్కటే ఉంది” అన్నది. ఆ ఫోటో తీయించిన రోజున కడిగించిన రీలు విజయవాడలో ఉన్న కుమారుని పెట్టెలో, పెండ్లి ఫోటోల కవరులో దొరికింది. ఆరు బొమ్మల పట్టీ. మూడవ బొమ్మ ఆయనదే. ఇప్పుడు ఆ ఇంట్లో గోడమీద ఉన్నది ఆ పట్టీలోనుండి వచ్చిన ఫోటో.

అప్పటినుండి మా సంఘపెద్దల కూటములో ఒకటే చర్చ. పాష్టరుగారి బంగళాలో రెండు డబ్బాల స్లైడులు ఉన్నాయి. మందిరపు శంకుస్థాపన, స్త్రీల మైత్రి కూటములు, బావి త్రవ్వకము, మున్నేటిలో బాప్తిస్మములు. ఇవి కాక కుటుంబాలవారు తెచ్చి ఇచ్చిన నెగెటివులు ఉన్నాయి. వీటిని కంప్యూటరులోకి ఎక్కించాలంటే ఏ యంత్రము కొనాలి? అసలు కొనాలా, పట్నములో దుకాణానికి ఇవ్వాలా? మేము చదివి, అడిగి, చేసి చూచినంతవరకు ఇక్కడ వ్రాస్తున్నాము.

మొదటి సంగతి. జిరాక్సు షాపులో ఉండే మామూలు స్కానరు ఈ పనికి రాదు. అది కాగితము మీద వెలుగు వేసి, తిరిగి వచ్చిన వెలుగును చదువుతుంది. ఫిల్ము అలా కాదు. వెలుగు దాని గుండా అవతలికి పోవాలి. అందుకని మూతలో కూడా దీపము ఉన్న స్కానరు గాని, ఫిల్ముకే ప్రత్యేకముగా చేసిన స్కానరు గాని కావాలి. “ఫిల్ము స్కాను చేస్తుందా?” అని దుకాణములో అడగండి. “అన్నీ చేస్తుంది” అంటే నమ్మకండి, చేయించి చూడండి.

రెండవది, మీ దగ్గర ఉన్న ఫిల్ము ఏ కొలతది? చాలామంది యంత్రము కొన్న తరువాత ఈ ప్రశ్న వేసుకుంటారు. సన్న పట్టీ అయితే 35 మిల్లీమీటర్ల ఫిల్ము, ఒక్కొక్క బొమ్మ 24 × 36 మి.మీ. మన పాత స్టూడియోలవారు ఎక్కువగా వాడినది, బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ త్రీ వంటి డబ్బా కెమెరాలలో వేసినది వెడల్పు రీలు. దానిని 120 అంటారు. రీలుకు పన్నెండు బొమ్మలు, ఒక్కొక్కటి సుమారు 56 మి.మీ. చదరము. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్‌వారి ‘ఇందు’ ఫిల్ముల మీద మన తల్లిదండ్రుల ముఖాలు ఎన్నో ఉన్నాయి. ప్లస్‌టెక్ ఆప్టిక్‌ఫిల్మ్ 8100, 8200ఐ వంటి చిన్న ఫిల్ము స్కానర్లు 35 మి.మీ. పట్టీలను, స్లైడులను బహు చక్కగా తీస్తాయి గాని, వెడల్పు ఫిల్ము వాటిలో దూరదు. మన పల్లె కుటుంబాల పెట్టెల్లో సగానికి సగము వెడల్పువే!

మూడవది, అట్టపెట్టె మీద అచ్చువేసే అంకెలు. అంగుళానికి ఇన్ని చుక్కలు అని వ్రాస్తారు. ఎప్సన్ పర్ఫెక్షన్ వి600 పెట్టె మీద 6400 అని ఉంటుంది. స్వతంత్రముగా పరీక్షించినవారు దాని అసలు చూపు 1600 దరిదాపుల్లోనే అని తేల్చారు. ఆప్టిక్‌ఫిల్మ్ పెట్టె మీద 7200 అని ఉంటే, వచ్చేది మూడువేల పైచిలుకు. మనకు ఎంత కావాలో లెక్క కడదాము. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలుంటే ఫోటో స్పష్టముగా ఉంటుంది. 35 మి.మీ. బొమ్మను నిజమైన 1600తో తీస్తే సుమారు 2270 × 1510 చుక్కలు, అంటే ఏడున్నర అంగుళాలకు ఐదు అంగుళాల ఫోటో. ఇంట్లో పెట్టుకోవడానికి చాలు. గోడకు పెద్దది కావాలంటే చాలదు. అదే 1600తో వెడల్పు నెగెటివును తీస్తే 3500 × 3500, పదకొండున్నర అంగుళాల చదరము వస్తుంది. పాత డబ్బా కెమెరా బొమ్మకు అంతకంటే ఎక్కువ అడగడములో అర్థము లేదు, ఎందుకంటే దాని అద్దమే అంత సన్నని వివరము పట్టలేదు.

ఈ లెక్క చూచాక మా పెద్దలు మూతలో దీపమున్న బల్ల స్కానరు వైపే మొగ్గారు. మాకు అది సరియైనదని ఇప్పటికీ మా అభిప్రాయము. వి600 ఒక్కసారికి నాలుగు స్లైడులను గాని, పన్నెండు 35 మి.మీ. బొమ్మలను గాని పట్టుకుంటుంది. దానికంటె పెద్దదైన వి850 పన్నెండు స్లైడులు పట్టుకుంటుంది, చూపు కూడా మెరుగే, గాని ధర పల్లె సంఘానికి భారము. కేవలము స్లైడులే వందలకొద్దీ ఉన్నవారికి మాత్రము ఆప్టిక్‌ఫిల్మ్ మేలు. నికాన్ కూల్‌స్కాన్ అనే పాత యంత్రముల పేరు మీరు వింటారు. బొమ్మ చాలా శ్రేష్ఠముగా వస్తుంది గాని ఇప్పుడు తయారు కావడము లేదు. సెకండుహ్యాండులో కొని, చెడిపోతే బాగుచేసేవారిని వెదకడము ఎవరివల్ల? ఇంకొకటి, బజారులో అరచేతి డబ్బా స్కానర్లు చవకగా వస్తాయి. వాటిలో ఉన్నది చిన్న కెమెరా మాత్రమే. క్షణములో బొమ్మ ఇస్తుంది, అంచులు కోసేస్తుంది, తెల్లచీర మడతలు సున్నము కొట్టినట్లు చేస్తుంది. తొందరగా చూచుకోవడానికి పనికివస్తుంది, భద్రపరచడానికి కాదు.

దుమ్మును, గీతలను తీసివేసే పరారుణ కిరణాల సదుపాయము గురించి అమ్మేవారు గొప్పగా చెబుతారు. రంగు నెగెటివులకు అది నిజముగా మేలు. (8200ఐలో ఉంది, 8100లో లేదు.) వెండితో తయారైన నలుపు తెలుపు ఫిల్ముకు మాత్రము పనిచేయదు. వెండి ఆ కిరణాలను ఆపివేస్తుంది గనుక యంత్రము బొమ్మనే దుమ్మనుకుంటుంది. కొడాక్రోమ్ అనే అమెరికా స్లైడులకు కూడా సరిగా కుదరదు. మా డబ్బాలో అట్ట చట్రము మీద ఆ పేరున్నవి కొన్ని ఉన్నాయి, వాటి రంగు ఇంకా నిలిచి ఉన్నది. ఆ ఫిల్ము తయారీ 2009లో నిలిచిపోయింది. ప్రక్కనున్న వేరే స్లైడులు మాత్రము ఎర్రబడిపోయాయి. చీకటిలో ఉంచినా రంగు దిగిపోయే ఫిల్ములు అవి. నలుపు తెలుపు నెగెటివులకంటె ముందు రంగువాటిని తీయమని చెప్పడానికి ఇదే కారణము.

“ఫోనుతో తీస్తే సరిపోదా, అయ్యగారూ?” అని యౌవనస్థులు అడిగారు. మంచి ప్రశ్నే. తెల్లని తెర వెలిగించిన ట్యాబు మీద, ఆ తెర చుక్కలు కనబడకుండా కొంచెము ఎత్తులో నెగెటివు నిలిపి, ఫోనుతో తీసి, రంగులు తిరగవేస్తే బొమ్మ కనబడుతుంది. ఏ పట్టీలో ఎవరున్నారో తెలుసుకోవడానికి మేము మొదట అలాగే చేశాము. విజయవాడలో కుమారుని పెట్టెలో ఆ ముఖము దొరికింది కూడా ఫోనుతోనే. దగ్గరగా తీసే లెన్సు ఉన్న పెద్ద కెమెరాను స్టాండుకు బిగించి తీస్తే స్కానరుతో సమానముగా, ఇంకా వేగముగా వస్తుంది. పెండ్లి ఫోటోలు తీసే తమ్ముడెవరైనా సంఘములో ఉంటే యంత్రము కొనకముందు అతనిని అడగండి.

స్కాను చేసేముందు రబ్బరు ఊదుడు బుడ్డితో దుమ్ము ఊదాలి. నోటితో ఊదకూడదు, తుంపర పడుతుంది. బూజు పట్టిన ఫిల్మును నీళ్లతో తుడవకండి. బూజు తిన్న జిలటిను పొర నీటిలో కరిగి ముఖముతో సహా కొట్టుకుపోతుంది. పుల్లని వాసన వచ్చే ఫిల్ము కుళ్లడము మొదలైనదని గుర్తు, దానిని వేరుగా ఉంచి ముందుగా తీయండి. వరదలో తడిసినవాటి సంగతి వేరు. కలిసిపోయి ఆరకముందే, చల్లని శుభ్రమైన నీటిలో ఉంచి, మెల్లగా విడదీసి, మరొక్కసారి కడిగి, బట్టల క్లిప్పుతో దండెము మీద నీడలో వ్రేలాడదీయాలి. రెండు మూడు రోజులు దాటితే కష్టము. గోడమీద ఎండలో ఆరవేసినవాటిలో మా కళ్లయెదుట ఒక్క ఆల్బము కూడా బ్రతకలేదు.

ఇలా దాచుకోవడము మనమొక్కరమే చేస్తున్న పని కాదు. హైదరాబాదు నైజాము ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీన్‌దయాళ్ (1844–1905) గాజు నెగెటివులు రెండువేల పైగా ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రములో ఉన్నాయి. మిషనెరీలు దేశదేశాలలో తీసిన బొమ్మలను అమెరికాలోని దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము కంప్యూటరుకెక్కించి అందరికీ అందుబాటులో పెట్టింది. 1841లో మచిలీపట్నములో తెలుగు పని మొదలుపెట్టిన చర్చి మిషనెరీ సొసైటీ పాత కాగితాలు ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయములో భద్రముగా ఉన్నాయి. దొరలు తీసినవి అక్కడ దాచబడ్డాయి. మనవాళ్లు జగ్గయ్యపేట, నందిగామ స్టూడియోలలో తీయించుకున్నవి మాత్రము మన పెట్టెల్లోనే ఉన్నాయి. స్టూడియోలు మూతపడినప్పుడు అక్కడి నెగెటివులు పాత సామానుతో పోయే అవకాశమున్నది. తెలిసిన స్టూడియోవారు ఉంటే ఇప్పుడే వెళ్లి అడగండి.

తీసిన బొమ్మను టిఫ్ అనే రూపములో ఉంచండి, పంపుకోవడానికి జెపెగ్ నకలు వేరుగా చేసుకోండి. 35 మి.మీ. బొమ్మను 2400తో, పూర్తి రంగులోతుతో తీస్తే టిఫ్ ఒక్కటి సుమారు 46 మెగాబైట్లు అవుతుంది. వెయ్యి స్లైడులకు 46 గిగాబైట్లు, ఒక మామూలు పెన్‌డ్రైవులో పట్టేంత. కాని పెన్‌డ్రైవును నమ్ముకోకూడదు. మేము రెండు హార్డుడిస్కులు పెట్టాము. ఒకటి బంగళాలో, ఒకటి మున్నేటి నీరు రాని ఊరిలో ఒక పెద్దగారింట. స్కాను అయినదని నెగెటివులను పారవేయడము లేదు. కాగితపు కవర్లలో వేసి అటకమీదికి ఎక్కించాము.

యంత్రము కంటె ఎక్కువ సమయము తీసుకున్నది పేర్లు. శుక్రవారము మధ్యాహ్నము ముసలి తల్లులను, తాతగార్లను కంప్యూటరు ముందు కూర్చోబెట్టి ఒక్కొక్క బొమ్మ చూపిస్తున్నాము. వారు చెప్పేదంతా ఫోనులో రికార్డు చేస్తున్నాము. ఒక తాతగారు శంకుస్థాపన స్లైడులో మనుషులను గుర్తుపట్టలేదు గాని, వెనుకనున్న ఎద్దుల జతను చూచి ఎవరివో చెప్పారు. దానినిబట్టి ఆ బండిలో వచ్చిన కుటుంబము తెలిసింది. ఎనభై దాటినవారు మా సంఘములో ఇప్పుడు పదకొండుమంది ఉన్నారు. అందుకే స్కాను పని నెమ్మదిగా సాగినా పరవాలేదు గాని శుక్రవారపు కూర్చోబెట్టుట ఆపవద్దని పెద్దలు తీర్మానించారు.

మొదటి డబ్బా అయినది. రెండవదానిలో మున్నేటి బాప్తిస్మము స్లైడు ఒకటి ఉన్నది. నీళ్లలో ఏడుగురు స్త్రీలు, తలమీద తెల్లని కొంగులు. ఐదుగురి పేర్లు తెలిసాయి. మిగిలిన ఇద్దరు గట్టుకు దగ్గరగా నిలిచినవారు, ఒకరి చంకలో బిడ్డ. వచ్చే స్త్రీల మైత్రి కూటములో ఆ బొమ్మను తెరమీద పెద్దదిగా వేయబోతున్నాము.